నాలుగడుగుల ఆట

పుష్పలత పని మైదానాల్లో గీతలు గీయడం. క్రైస్ట్‌చర్చ్‌లో పార్కుల నిర్వహణ చూసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం. చలికాలం పొద్దున గడ్డి మీద మంచు ఇంకా గట్టిగా ఉండగానే వ్యాను దిగి, మేకులు కొట్టి, పురికొస లాగి కట్టి, తెల్లరంగు పోసిన చిన్న బండిని ఆ పురికొస వెంట నెట్టుకుంటూ పోయేది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి గీత, దాని పక్కన తన బూట్ల అచ్చులు. అంత పెద్ద మైదానంలో వేరే మనిషి జాడ ఉండేది కాదు.

ఏ ఆట గీతలు ఆ ఆటవి. సాకర్‌కు నడుమ పెద్ద గుండ్రం. రగ్బీకి అడ్డంగా తునకలు తునకలుగా గీతలు, రెండు చివర్లా ఎత్తైన గోలు స్తంభాలు. రగ్బీ లీగు అని ఇంకొకటి ఉంది. దూరం నుంచి రగ్బీలాగే కనిపిస్తుంది గానీ, దానికి పదేసి మీటర్లకు ఒక గీత, గీత పక్కన అంకె. ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్‌కైతే అసలు మూలలే ఉండవు, క్రికెట్ గ్రౌండు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీసుకురావాలి. వీటిలో ఏది ఆడేవాళ్లయినా తమదే ఫుట్‌బాల్ అంటారు. ఎవరైనా "ఫుటీ" అంటే ఏ ఆట సంగతి చెబుతున్నారో ఆ మనిషిని బట్టి తెలుసుకోవాల్సిందే.

ఇన్ని మైదానాలు గీసినా ఆమె ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. శనివారం పిల్లాజెల్లాతో, కాఫీ కప్పులతో జనం దిగే వేళకు ఆమె బండి కడిగి షెడ్డులో పెట్టేసేది. ఫ్లాటుకు పోయి అన్నం వండుకుని, కిటికీలోంచి పక్కింటి కంచె చూస్తూ తినేది.

సొంతవూరు అనంతపురం జిల్లా ధర్మవరం. తండ్రి మగ్గం నేసేవాడు. బళ్లో డ్రిల్లు మాస్టారు పొడుగు చూసి ఆమెను హ్యాండ్‌బాల్ గోలులో నిలబెట్టాడు. ఇంటర్‌కు వచ్చేసరికి జిల్లా జట్టులో ఆడింది. గుంటూరులో జరిగిన రాష్ట్ర పోటీలకు రైలెక్కి పోయొచ్చింది కూడా. దాన్ని ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. డిగ్రీ అయ్యేలోపే అమ్మానాన్నా ఒకరి వెంట ఒకరు పోయారు. అక్క ఆశాజ్యోతి పెళ్లయి బెంగళూరులో ఉంది. బావ స్నేహితుడొకడు న్యూజిలాండ్ చదువుల గురించి చెప్తే, ఉన్న ఇల్లు అమ్మి తన వాటాతో రెండువేల తొమ్మిదిలో బిజినెస్ డిప్లొమా అని వచ్చింది.

రిక్కార్టన్‌లో ఫ్లాటు. తనతోపాటు ముగ్గురు తెలుగు ఆడపిల్లలు. వాళ్లలో తెనాలి పిల్ల కుసుమతో బాగా దగ్గరైంది. నలుగురూ ఒకే కుక్కర్లో వండుకుని, ఒకే దుప్పటి కప్పుకుని సినిమాలు చూసేవాళ్లు. రెండువేల పదకొండు ఫిబ్రవరిలో భూకంపం వచ్చింది. ఊరి నడిబొడ్డు కూలిపోయింది. కాలేజీ బిల్డింగుకు ప్రమాదమని ఎర్రకాగితం అంటించి తలుపులు మూశారు. ఇంకో నెలకల్లా ఫ్లాటులో ముగ్గురూ ఆక్లాండ్ వెళ్లిపోయారు.

"నువ్వూ వచ్చెయ్యవే. పాపటోయిటోయిలో మనవాళ్లే మనవాళ్లు, వేర్‌హౌసుల్లో పని దొరుకుతుంది" అని కుసుమ రోజూ ఫోన్ చేసేది.

పుష్పలతకు అప్పటికే ఇక్కడ పని దొరికింది. భూకంపానికి నేలలోంచి ఉబికొచ్చిన బూడిదరంగు బురద ఊరంతా ముంచేసింది. ఆట మైదానాలు నిండిపోయాయి. పారతో ఎత్తిపోసే మనుషులు కావాలంటే తాత్కాలికంగా చేరింది. బురద పోయాక ట్రాక్టరు మీద గడ్డి కోయడం నేర్పారు, తర్వాత గీతలు. యజమాని గ్రాహమ్ పెద్దగా మాట్లాడడు. ఆమె పని నచ్చి వర్క్ వీసా పెట్టించాడు.

"డిగ్రీ చదివి పారతో మట్టెత్తేదేంది మే? ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్ల నేను?" అంది ఆశాజ్యోతి ఫోన్లో.

"తోట పని అని చెప్పక్కా."

"తోటపనీ చెప్పేదానికి బాగుండదులే" అని, పిల్లోడు ఏడుస్తాండాడని ఫోన్ పెట్టేసింది.

ఊళ్లో తెలుగువాళ్లు లేకపోలేదు. ఇండియన్ షాపు కామేశ్వరమ్మ ఆంటీ కందిపప్పు కట్టిస్తూ ఉగాదికి రమ్మని పిలిచింది. ఒక స్కూలు హాల్లో జరిగింది. పుష్పలత చీర కట్టుకుని వెళ్లింది. ఆడవాళ్ల వరసలో కూర్చుంటే పగిలిన ఇళ్ల ఇన్స్యూరెన్సుల మీద, పిల్లల స్కూలు జోన్ల మీద మాటలు నడుస్తున్నాయి. ఆమెకు ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. ఒకావిడ మర్యాదగా అడిగింది, "మీరు ఏం చేస్తారండీ?" అని. "పార్కుల్లో" అంది. "ఓ, నైస్" అని ఆవిడ ఇంకోపక్కకు తిరిగింది. తప్పుగా ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పులిహోర తిని, డాన్సులు మొదలవకముందే వచ్చేసింది.

ఆ మరుసటి ఏడు ఊరిని మళ్లీ కట్టడానికి ఐర్లండ్ నుంచి జనం దిగారు. అక్కడ పనుల్లేని రోజులవి. వడ్రంగులు, ప్లాస్టరింగువాళ్లు, డ్రైవర్లు, ఎటు చూసినా వాళ్ల మాటే వినిపించేది. పుష్పలత రోజూ వెళ్లే పార్కు పక్కన రోడ్డు తవ్వి పైపులు వేస్తున్నారు. అక్కడ నారింజరంగు కోటు వేసుకుని, ఒకవైపు 'స్టాప్', ఇంకోవైపు 'స్లో' అని రాసిన పలక పట్టుకుని ఒక ఐరిష్ అమ్మాయి నిలబడేది. ఎండకు ముఖమంతా మచ్చలు. వ్యాను ఆగినప్పుడల్లా చెయ్యి ఊపేది. పుష్పలతా ఊపేది. అలా ఒక చలికాలం గడిచింది.

వసంతంలో ఒకరోజు ఆ అమ్మాయి కంచె దాటి నేరుగా పుష్పలత దగ్గరికొచ్చింది.

"నా పేరు ఊనా. ఈ గీతలు గీసేది నువ్వేగా? మీ బాసును అడిగాం, సరేనన్నాడు. మాకొక మైదానం కావాలి."

"ఏ ఆటకు?"

"ఫుట్‌బాల్."

"ఏ ఫుట్‌బాల్?"

ఊనా పకపకా నవ్వింది. "మా ఫుట్‌బాల్. గేలిక్. రగ్బీ మైదానం కంటే వెడల్పుగా ఉండాలి. రగ్బీ స్తంభాలే సరిపోతాయి, కాకపోతే అడ్డకర్ర కింద వల కట్టాలి."

"వల సాకర్‌ది కదా?"

"వల్లో పడితే మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి పోతే ఒకటి. రెండు దారులూ తెరిచే ఉంటాయి."

"చేత్తో పట్టుకోవచ్చా?"

"పట్టుకోవచ్చు, తన్నొచ్చు, నేలకు కొట్టొచ్చు. విసరడం మాత్రం కుదరదు. పిడికిలితో కొట్టి అందించాలి."

పుష్పలత ఆ గీతలన్నీ ఊనా చెప్పినట్టే గీసింది. గోలు ముందు చిన్న పెట్టె, దాని చుట్టూ పెద్ద పెట్టె, ముందు అర్ధచంద్రం. అంతకుముందు గీసిన వాటిలో దేనికీ ఇది పోలలేదు. అందుకేనేమో ఆ ఆదివారం ఇంట్లో ఉండలేక, కొలతలు సరిగ్గా వచ్చాయో లేదో చూసొద్దామని తనకు తానే చెప్పుకుని వెళ్లింది.

గీత బయట నిలబడి చూసింది. ఆడవాళ్ల ఆట. మొదట అంతా గందరగోళం. ఒకమ్మాయి బంతిని రెండు చేతులా పట్టుకుని పరిగెడుతుంది, రగ్బీ అనుకునేలోపు దాన్ని పాదం మీదికి జారవిడిచి కాలివేళ్లతో తన్ని మళ్లీ చేతుల్లోకి తెచ్చుకుంటుంది. అదే పరుగులో నేలకు కొట్టి పట్టుకుంటుంది, బాస్కెట్‌బాల్‌లాగా. పక్కనే ఉన్నామెకు పిడికిలితో కొట్టి ఇస్తుంది. అందుకున్నామె అంత దూరం నుంచి ఆకాశంలోకి తన్నితే స్తంభాల నడుమనుంచి పోతుంది. నాలుగడుగుల కంటే ఎక్కువ దూరం బంతిని చేతుల్లో ఉంచుకోకూడదు. వదలాలి, మళ్లీ పట్టుకోవాలి.

చూస్తుండగా గురితప్పిన బంతొకటి గాలికి కొట్టుకుపోతూ ఆమె తలపైగా వచ్చింది. పుష్పలత ఆలోచించలేదు. ఎడంచెయ్యి పైకి లేచింది, బంతి అరచేతికి అతుక్కున్నట్టు ఆగింది. ధర్మవరంలో గోలు ముందు అలా ఎన్నిసార్లు లేచిందో ఆ చెయ్యి.

ఊనా పరిగెత్తుకొచ్చింది. "ఇంతకుముందు ఏం ఆడేదానివి?"

"హ్యాండ్‌బాల్. గోల్‌కీపర్. ఎప్పటి సంగతో అది. మా జిల్లాకు ఆడాను."

ఊనా నోరు తెరిచి అలాగే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి మైదానమంతా వినబడేలా అరిచింది. "అమ్మాయిలూ! ఈమె తన జిల్లాకు ఆడిందట!"

ఆట ఆగిపోయింది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు. ఐర్లండులో జిల్లాకు ఆడటమంటే ఎంత గొప్పో ఆమెకు తర్వాత గానీ తెలియలేదు. జీతం ఉండదు, ఉద్యోగాలు చేసుకుంటూనే ఆడతారు, ఊరు ఊరంతా జిల్లా రంగులు కట్టుకుని చూడ్డానికి పోతుంది. ఊనా వాళ్లది మేయో జిల్లా. తను క్లబ్బు దాటి పైకి వెళ్లలేదు. వాళ్ల చిన్నాన్న ఒకే ఒక్కసారి జిల్లా చొక్కా వేసుకున్నాడట, ఇప్పటికీ పండక్కి ఆ మాట ఎత్తుతారట. పుష్పలత జిల్లా చొక్కా ఏమైందో ఆమెకే గుర్తు లేదు. ఆ రోజు ఫ్లాటుకు పోయాక చాలాసేపు దాని రంగు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. నీలమని గుర్తు, అదీ రూఢి కాదు.

అలా జట్టులో చేరింది. గోలులో నిలబడమన్నారు గానీ ఆమె మధ్యలో ఆడతానంది. ఇన్నాళ్లూ ఆగి చూస్తూనే ఉంది, పరిగెత్తాలనిపించింది. పాదం మీదికి బంతి జార్చి తిరిగి పట్టుకోవడం రావడానికి ఆమెకు ఆరునెలలు పట్టింది. పని అయ్యాక, ఎవరూ లేని మైదానంలో, తను గీసిన గీత వెంటే అటూ ఇటూ సాధన చేసేది. చాలాసార్లు బంతి వంకరగా పోయి పక్క మైదానంలో పడేది. పోయి తెచ్చుకునేది.

మగవాళ్ల జట్టు ఒక్కోసారి కర్రలు తెచ్చి హర్లింగ్ ఆడేది. హాకీకి అన్నలాంటి ఆట. బళ్లో హాకీ ఆడే పిల్లలు కర్రను భుజం దాటి లేపితే డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదేవాడు. ఇక్కడ కర్రలు తలల మీదుగా తిరుగుతాయి, టెన్నిస్ బంతంత తోలుబంతిని గాల్లోనే కొడతారు. ఆమెకూ ఒక కర్ర చేతికిచ్చారు. ఒక్కటి కొట్టింది, క్రికెట్ షాటులాగా. బంతి రోడ్డు దాటి ఎవరింట్లోనో పడింది. ఆ రోజు అందరితోపాటు ఆమె కూడా కడుపునొప్పి వచ్చేదాకా నవ్వింది. ఈ దేశంలో అలా నవ్వి ఎంతకాలమైందో.

ఆట తర్వాత వాళ్లు పబ్బుకు పోయేవాళ్లు. మొదట్లో ఆమె పోలేదు. తర్వాత ఆరెంజ్ జూస్ పెట్టుకుని ఒక మూల కూర్చునేది. వాళ్లకు ఇల్లు గుర్తొస్తే గట్టిగా గుర్తొస్తుంది, పాడతారు, ఏడుస్తారు, ఒకరి భుజం మీద ఒకరు పడతారు. పుష్పలతకు అలా రాదు. ఆమె బెంగ గొంతు దాటి పైకి వచ్చేది కాదు. ఒకసారి ఊనా అడిగింది.

"నీకు ఇల్లు గుర్తురాదా?"

"వస్తుంది. కానీ అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు. ఇల్లు వేరేవాళ్లది."

ఊనా తన చిప్స్ ప్లేటు జరిపి ఇద్దరి మధ్యలో పెట్టింది.

రెండువేల పద్నాలుగులో వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో పోటీలు పెట్టారు. రెండు వ్యాన్లలో కొండల దారమ్మట పికటన్ దాకా పోయి, అక్కడ ఫెర్రీ ఎక్కి వెల్లింగ్టన్‌లో దిగారు. పుష్పలత జట్టు ఫైనల్‌కు వచ్చింది. వెల్లింగ్టన్ జట్టుతో ఆట. లోయలోంచి చల్లటి గాలి ఒకవైపే కొడుతోంది. చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి.

ఎదుటివాళ్లు తన్నిన బంతిని పుష్పలత గాల్లోకి లేచి అందుకుంది. అవతల ఊనా ఒంటరిగా పరిగెడుతోంది, ముందు ఎవరూ లేరు. పుష్పలత ఒంట్లో పాత ఆట మేల్కొంది. చెయ్యి వెనక్కి లాగి, భుజం మీదుగా బంతిని విసిరింది. ఎంత అందంగా పోయిందంటే, సరిగ్గా ఊనా గుండెల మీద పడింది. ఊనా వల్లోకి తన్నేసింది కూడా.

విజిల్ అప్పటికే మోగింది. విసరకూడదు. గోలు చెల్లదు. బంతి ఎదుటి జట్టుకు ఇచ్చారు. వాళ్లు దాన్ని పొడుగ్గా తన్ని, ఇంకొకరు అందుకుని అడ్డకర్ర పైనుంచి ఒక పాయింటు కొట్టారు. ఆట అయిపోయింది.

పుష్పలత నిలబడినచోటే నిలబడింది. వెల్లింగ్టన్ అమ్మాయిలు గంతులేస్తున్నారు. తన జట్టువాళ్లు గడ్డి మీద కూలబడ్డారు. ఒకమ్మాయి బూట్లు విప్పుకుంటూ, "మనదాన్ని ఎవరినైనా అక్కడ పెట్టాల్సింది" అని పక్కామెతో నెమ్మదిగా అంది. ఆ మాట అన్నమ్మాయికి పుష్పలత వినబడేంత దగ్గర్లో ఉందని తెలియదు.

తిరుగు ఫెర్రీలో పుష్పలత లోపల కూర్చోలేదు. డెక్కు మీద గాలిలో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఊనా వెతుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడేం చేస్తున్నావ్? గడ్డకట్టి చస్తావ్."

"నాది వేరే ఆట, ఊనా. మీ ఆటలో నా చెయ్యి తప్పు చేస్తుంది."

"తప్పు చేసింది. ఓడిపోయాం. మా మేయో జిల్లా జట్టు ఏళ్ల తరబడి ఫైనల్లో ఓడుతూనే ఉంది, ఓడిపోవడం ఎలాగో మాకు నువ్వు నేర్పక్కర్లేదు." పక్కకొచ్చి కమ్మీ పట్టుకుని మళ్లీ అంది. "ఆ విసురు మాత్రం ఎంత బాగుందో తెలుసా? పడుతుంటే నాకు చెయ్యి చాచాల్సిన పని కూడా రాలేదు. అలాంటిది నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు."

"మనదాన్ని పెట్టాల్సింది అన్నారు."

ఊనా ముఖం ఎర్రబడింది. ఎవరని అడగలేదు. "నేను వాళ్లతో మాట్లాడతాను" అంది.

"వద్దు. వచ్చే ఆదివారం ప్రాక్టీసు ఉందిగా, అది చాలు."

ఇద్దరూ కమ్మీ పట్టుకుని, ఒడ్డు కనిపించేదాకా అక్కడే ఉన్నారు. 

మరుసటి ఏడాది నుంచి వెళ్లిపోవడాలు మొదలయ్యాయి. పైపుల పని అయిపోయింది, పెద్ద బిల్డింగులు లేచాయి, ఐర్లండులో మళ్లీ ఉద్యోగాలు వచ్చాయట. ఒకరు కెనడా, ఒకరు సిడ్నీ, ఎక్కువమంది ఇంటికే. ప్రతి ఒకటి రెండు నెలలకూ ఎవరి పెరట్లోనో వీడ్కోలు బార్బెక్యూ. వెళ్లేవాళ్లు మైక్రోవేవ్‌లు, దుప్పట్లు, బూట్లు పంచిపెట్టేవాళ్లు. పుష్పలత ఫ్లాటులో మూడు టోస్టర్లు పోగయ్యాయి. ఫైనల్ రోజు ఆ మాట అన్నమ్మాయి కూడా వెళ్లేరోజు గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. పదిహేనుమంది ఉన్న జట్టు తొమ్మిదికి, తొమ్మిది ఆరుకూ వచ్చింది. ఆరుగురు రెండు జట్లుగా విడిపోయి, సగం మైదానంలో ఆడుకున్నారు.

రెండువేల పదిహేడులో ఊనా కూడా చెప్పింది. రోడ్డు పక్కన ఇద్దరూ సాండ్‌విచ్‌లు తింటుండగా.

"అమ్మకు తుంటి ఆపరేషన్. డెక్లన్‌కూ అక్కడే పని దొరికింది." డెక్లన్ ఆమె పెళ్లాడబోయే మనిషి. "పుష్పా, నీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ దాటేశాను."

"ఎప్పుడు?"

"నెలాఖరుకు."

"సరే."

"సరే ఏంటి? తిట్టవేం?"

"తిడితే ఆగుతావా?"

ఊనా తల అడ్డంగా ఊపింది. పుష్పలత మిగిలిన సాండ్‌విచ్ కాగితంలో చుట్టి వ్యానులో పెట్టి, పనికి లేచింది.

విమానాశ్రయానికి తనే వ్యానులో దింపింది. ఊనా లోపలికి పోయాక పార్కింగులో కాసేపు కూర్చుంది. రేడియోలో వాతావరణం చెబుతున్నారు, మధ్యాహ్నం పడమటి గాలి వీస్తుందని. గాలి వీచేరోజు గీతలు గీస్తే రంగు చెదిరిపోతుంది. ఇవాళ పని లేనట్టేనని అనుకుని, ఎక్కడికి పోవాలో తోచక ఇంకాసేపు కూర్చుంది.

ఆ వసంతంలో గ్రాహమ్ చెప్పాడు. "ఐరిష్ మైదానం ఈసారి అక్కర్లేదు. అడిగేవాళ్లు లేరు. టచ్ రగ్బీవాళ్లకు ఇచ్చేశాం."

పుష్పలత ఆ చోటే టచ్ రగ్బీకి గీతలు గీసింది.

ఆమె ఊరుకోలేదు, వేరే ఆటలు ప్రయత్నించింది. ఒక ఆడవాళ్ల సాకర్ జట్టు మనుషులు కావాలని బోర్డు పెడితే వెళ్లింది. మొదటి ఆటలోనే ముఖం మీదికి వచ్చిన బంతిని రెండు చేతులా పట్టేసింది. అందరూ నవ్వారు, మంచిగానే నవ్వారు. రెండో వారం మళ్లీ పట్టింది, ఈసారి అంతగా నవ్వలేదు. టచ్ రగ్బీకి వెళ్లింది. అక్కడ బంతిని వెనక ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ముందున్నవాళ్లకు ఇస్తే తప్పు. ఆమె చెయ్యి ప్రతిసారీ ముందుకే పోయేది. ఐదేళ్లలో ఆ వింత ఆట ఒంటికి అంతగా పట్టేసింది. ఒకప్పుడు హ్యాండ్‌బాల్ అడ్డం పడేది, ఇప్పుడు గేలిక్ అడ్డం పడుతోంది. ఫ్లాటులో తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోయినప్పుడు ఎలా ఉండేదో, ఇప్పుడూ అలాగే ఉంది. కొన్ని సాయంత్రాలు ఒంటరిగా బంతి తీసుకుని పోయి, గోడకు కొట్టి పట్టుకునేది. గోడ బాగానే తిరిగి ఇచ్చేది. ఎంతసేపని ఆడుతుంది?

రెండువేల పద్దెనిమిదిలో ఆక్లాండ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అక్కడ పోటీలున్నాయి, జట్టులేని వాళ్లందరినీ కలిపి ఒక జట్టు వేస్తున్నాం, వస్తావా అని. ఊనా నంబరు ఇచ్చిందట. పుష్పలత సెలవు పెట్టి, టికెట్టు కొనుక్కుని వెళ్లింది. పాపటోయిటోయిలో కుసుమ ఇంట్లో దిగింది. కుసుమకు పెళ్లయి ఇద్దరు పిల్లలు, సొంత ఇల్లు. గుమ్మంలోనే వాటేసుకుని, "ఎంత నల్లబడ్డావే! ఎండలో తప్ప నీడలో ఉండవా?" అంది. రాత్రికి గుత్తివంకాయ చేసింది. పిల్లలు ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే కుసుమ తెలుగులో జవాబిస్తోంది. ఆ రెండు భాషల చప్పుడు వింటూ పుష్పలత మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

మర్నాడు కుసుమ కుటుంబమంతా ఆట చూడ్డానికి వచ్చింది. ఆ జట్టులో పుష్పలతకు ఒక్కరి పేరూ తెలియదు. ఇద్దరు ఐరిష్ నర్సులు, ఒక సమోవా అమ్మాయి, డనీడిన్ నుంచి వచ్చిన టీచరు, ఇంకా ఎవరెవరో. చొక్కాలు కూడా ఒకే రంగువి కావు. మొదటి రెండు ఆటలూ చిత్తుగా ఓడారు. మూడో ఆటలో పుష్పలత మైదానం మధ్యలో బంతి అందుకుంది. నాలుగడుగులు, పాదం మీదికి, చేతుల్లోకి. నాలుగడుగులు, నేలకు, చేతుల్లోకి. ఎవరో ఎడమవైపు నుంచి "ఇటు, ఇటు!" అని అరిచారు. పిడికిలితో కొట్టి ఇచ్చింది. ఆ టీచరు తిరిగి ఆమెకే ఇచ్చింది. పుష్పలత తన్నింది. బంతి అడ్డకర్ర పైనుంచి పోయింది. స్తంభం దగ్గర నిలబడ్డాయన పాయింటు వచ్చిందని తెల్లజెండా ఊపాడు. ఆ ఆట గెలిచారు.

"ఇదేం ఆటే బాబూ! కాలా, చెయ్యా? సగం సగం అన్నీ ఉన్నాయి" అంది కుసుమ తిరిగి వస్తూ. తర్వాత కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నవ్వు తగ్గించి అడిగింది. "ఇక్కడికి వచ్చెయ్యవే. అక్కడెవరున్నారు నీకు?"

"ఎవరూ లేరు."

"మరి?"

పుష్పలత కిటికీలోంచి చూసింది. ఆ ప్రశ్న ఆమె కూడా తనను తాను అడుక్కుంది. ఇక్కడ కుసుమ ఉంది, కానీ కుసుమకు ఇల్లుంది, భర్త ఉన్నాడు, పిల్లలున్నారు. ఆదివారానికోసారి గుత్తివంకాయ దొరుకుతుంది. మిగతా ఆరు రోజులూ ఇక్కడా ఒక గది, ఒక కిటికీ. అక్కడైతే కనీసం పని తనది. పొద్దున్నే మంచులో తన కాళ్లకు దారి తెలుసు.

"ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తాలే. వచ్చినప్పుడు వంకాయ చెయ్యి."

కుసుమ కొంతదూరం పోయాక గేరు మీదున్న చెయ్యి తీసి పుష్పలత చేతి మీద వేసింది.

ఆ తర్వాత ఆమె చెప్పినట్టే చేసింది. ఎక్కడ పోటీలుంటే అక్కడికి ఒక్కతే పోతుంది, ఏ జట్టులో ఖాళీ ఉంటే ఆ జట్టుకు ఆడుతుంది, ఒక్కతే తిరిగొస్తుంది. తన జట్టు అనేది మళ్లీ ఏర్పడలేదు. రెసిడెన్సీ వచ్చింది. గ్రాహమ్ ఆమెను సూపర్‌వైజర్ని చేశాడు. అక్క ఇప్పుడు ఎవరైనా అడిగితే "స్పోర్ట్స్ డిపార్టుమెంటు" అని చెబుతోందట.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం ఊనా వీడియో కాల్ చేసింది. అక్కడ అర్ధరాత్రి దాటింది, పాప నిద్రపోనివ్వడం లేదట. ఒళ్లో గుండ్రటి ముఖంతో పాప. ఊనా మోకాలు పాడై ఆట మానేసింది.

"నువ్వింకా ఆడుతున్నావా?"

"ఆడుతున్నాను."

"ఎవరితో?"

"దొరికినవాళ్లతో."

ఊనా ఏదో అంది గానీ పాప ఏడుపులో వినబడలేదు. మళ్లీ చేస్తానని సైగ చేసి పెట్టేసింది. పుష్పలత ఫోను జేబులో వేసుకుంది. లీగు మైదానంలో ఇంకా సగం గీతలు మిగిలి ఉన్నాయి. ఎండ తగ్గకముందే రంగు ఆరాలి. బండి హ్యాండిలు పట్టుకుని, పురికొస బిగువుగా ఉందో లేదో ఒకసారి కాలితో తట్టి చూసి, నెట్టుకుంటూ ముందుకు నడిచింది.